అలెగ్జాండర్ పక్కన ఖాళీ గడి

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. లాంగ్ నోట్‌బుక్‌లో సరిగ్గా మధ్యన, పిన్నుల దగ్గర చిరగకుండా ఊడదీసిన జంట కాగితం. ఎడమ సగంలో ప్రయాణం, కుడి సగంలో పాటలు. పైన నీలం సిరాతో "17 మార్చి 2007, శనివారం, ప్యాలెస్ గ్రౌండ్స్, బెంగళూరు" అని పెద్దక్షరాలు, వాటి కింద రెండు గీతలు. ఆ చేతిరాత నాది కాదు. మా అయిదుగురిలో దస్తూరీ కుదురుగా ఉన్నవాడు ఒక్కడే, ప్లానంతా వాడే రాశాడు. వాడు రాసింది రాసినట్టు పాటించి నలుగురం వెళ్ళొచ్చాం. వాడు రాలేకపోయాడు.

మెటల్ అనే జోరైన రాక్ సంగీతం వాయించే ఇంగ్లండ్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ ఇండియాకి వస్తోందన్న కబురు మాకు ఆ చలికాలంలో తెలిసింది. ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది. హైదరాబాద్ విద్యానగర్‌లో రెండు గదుల పోర్షన్ అద్దెకి తీసుకుని అయిదుగురం ఉండేవాళ్ళం. కబురు తెచ్చినవాడు మెట్లెక్కుతూనే అరిచాడు. మేం నమ్మలేదు. చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చి, ఒట్టేసి మళ్ళీ చెప్పాడు. అప్పుడు కూడా సగమే నమ్మాం.

నమ్మకపోవడానికి కారణం ఉంది. అంతకు ముందు బెంగళూరుకి పెద్ద రాక్ బ్యాండ్‌లు డీప్ పర్పుల్ 2001లో, రోలింగ్ స్టోన్స్ 2003లో వచ్చి వెళ్ళారు. అవి మాకు పేపర్లో చూసిన ఫొటోలు, అంతే. ఇది వేరు. 1975లో లండన్ తూర్పు భాగంలో, లేటన్ అనే చోట స్టీవ్ హారిస్ అనే బేస్ గిటారిస్టు మొదలుపెట్టిన బ్యాండ్. మాలో ఇద్దరం పుట్టిన 1985లో వాళ్ళు పవర్‌స్లేవ్ ఆల్బమ్ పట్టుకుని దేశదేశాలు తిరుగుతున్నారు. 2006 నాటికి 14 ఆల్బమ్‌లు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మన గడ్డ మీద కాలు పెట్టి వాయించలేదు. అలాంటివాళ్ళు రాత్రి బండెక్కితే పొద్దునకల్లా చేరిపోయే ఊళ్ళో వాయిస్తారంటే ఎలా నమ్మడం?

మాకు మెటల్ పిచ్చి అంటించింది ఆ చేతిరాత వాడే. ఇంటర్ రోజుల్లో ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల కుప్పల మధ్య, వాడికి ఒక క్యాసెట్ దొరికింది. సమ్‌వేర్ ఇన్ టైమ్, 1986 నాటి ఆల్బమ్. అట్ట మీద డెరెక్ రిగ్స్ గీసిన బొమ్మ. బ్యాండ్ ఆల్బమ్ అట్టల మీద ఎప్పుడూ ఉండే ఎడ్డీ అనే దయ్యం లాంటి బొమ్మ అందులో సగం మనిషి, సగం యంత్రం. చేతిలో తుపాకీ, వెనక ఎప్పటిదో భవిష్యత్తులోని నగరం. ఆ నగరంలో గోడల మీద, బోర్డుల మీద పాత పాటల గుర్తులు బోలెడు దాచిపెట్టాడు ఆయన. క్యాసెట్ అట్ట మీద ఆ బొమ్మంతా కలిపి అరచేతిలో సగం ఉండదు. వాళ్ళ తాతగారి భూతద్దం తెచ్చి ఒక్కొక్క బోర్డూ చదివేవాడు వాడు. కొత్తది కనిపెట్టిన ప్రతిసారీ మమ్మల్ని నిద్ర లేపి చూపించేవాడు.

ఆ క్యాసెట్ రెండో వైపు ఆఖరి పాట అలెగ్జాండర్ ద గ్రేట్. ఎనిమిది నిమిషాల పైచిలుకు. క్రీస్తుపూర్వం 356లో పుట్టుక దగ్గర ఎత్తుకుని బాబిలోన్‌లో చావు దాకా ఆయన కథంతా చెప్పుకొస్తారు. అంతకు ముందు ఎవరి టేప్‌రికార్డర్‌లోనో నలిగినట్టుంది, చివరి నిమిషంలో టేపు ముడత పడి గిటార్లు నీళ్ళలో మునిగి తేలుతున్నట్టు వినిపించేవి. తర్వాత కాలేజీలో ఎవరి కంప్యూటర్‌లోంచో శుభ్రమైన ఎంపీ3 దొరికింది. వాడికది నచ్చలేదు. ఆ ముడత రాకపోతే వాడికి పాట అయిపోయినట్టు ఉండేది కాదు.

ఇంకో సంగతి, ఈ కథకి అదే ముఖ్యం. ఆ పాటని బ్యాండ్ స్టేజీ మీద ఒక్కసారి కూడా వాయించలేదు. ఆల్బమ్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా సరే.

ప్లాన్ రాయడం జనవరి చివర్లో మొదలైంది. ముందు టికెట్లు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా పెద్దమ్మ కొడుకుకి ఫోన్ చేశాను. అన్నయ్యకి మెటల్ అంటే ఏమిటో తెలియదు, అయినా ఎందుకని అడగలేదు. శనివారం తన పని మానుకుని వెళ్ళి అయిదు టికెట్లు తీసుకుని కొరియర్‌లో పంపాడు. అది వచ్చేదాకా నాలుగు రోజులు మాకు ఒకటే టెన్షన్. గదిలో ఎవరో ఒకళ్ళం ఉండేలా క్లాసులకి వంతులు వేసుకున్నాం. కవరు వచ్చాక టికెట్లు నేల మీద వరసగా పరిచి, చుట్టూ కూర్చుని, చాలాసేపు ఎవరం ఏం మాట్లాడలేదు.

ఇంట్లో చెప్పడం దీనికంటే కష్టం. నేను పండక్కి వెళ్ళినప్పుడే సగం చెప్పి ఉంచాను. అమ్మ నా బ్యాగులో ఎడ్డీ బొమ్మ చూసి, "ఈ దయ్యం మొహం ఇంట్లో పెట్టకు నాన్నా" అని మడిచి అడుగున పెట్టింది. మిగతా సగం ఫోన్లో నాన్నకి చెప్పాను. తిడతారనుకున్నాను. కాసేపు ఊరుకుని, తను ఇంటర్ చదివే రోజుల్లో పద్యనాటకం చూడ్డానికి రాత్రి పూట పద్నాలుగు కిలోమీటర్లు సైకిల్ తొక్కిన సంగతి చెప్పారు. వెనక క్యారియర్ మీద స్నేహితుడు, ముందు బార్ మీద దుప్పటి. ఒక పద్యానికి జనం వన్స్ మోర్ అంటే నటుడు మూడుసార్లు పాడాడట, మూడోసారి రాగం ఇంకా పైకి తీశాడట. ఎన్నాళ్ళ కిందటిదో, ఆ రాగం ఎక్కడ ఎత్తాడో, ఎక్కడ దించాడో నాన్నకి ఇంకా గుర్తుంది. "మీ దాంట్లో వన్స్ మోర్ ఉంటుందా?" అని అడిగారు. ఉంటుందన్నాను. "అయితే వెళ్ళిరా" అన్నారు. మా నాన్నకీ నాకూ సంగీతం గురించి జరిగిన మొదటి సంభాషణ అదే.

అప్పట్లో మాకు అసలు బ్యాండ్ టీ షర్టులు దొరకలేదు. ప్లాన్‌లో మూడో అంశం అది. నల్ల టీ షర్టులు కోఠిలో అయిదు తీసుకున్నాం. అచ్చు వేయించడానికి ఛత్తా బజార్ వెళ్ళాం. పెళ్ళి శుభలేఖలు అచ్చు వేసే సందులు అవి. ఒకే గోడకి ఉర్దూ కార్డులు, తెలుగు కార్డులు పక్కపక్కన వేలాడుతుంటాయి. నాలుగైదు దుకాణాలవాళ్ళు బట్ట మీద వెయ్యం అన్నారు. ఆఖరికి ఒక భాయ్ ఒప్పుకున్నాడు, ఒక్క రంగే వేస్తానన్నాడు. బొమ్మ మాత్రం నల్ల సిరాతో ట్రేసింగ్ పేపర్ మీద మీరే గీసి తెమ్మన్నాడు.

గీసింది కూడా వాడే. మూడు రాత్రులు కూర్చున్నాడు. ఎడ్డీ మొహంలో ఎముకల కింద నీడలు ఒక్కొక్కటీ సన్నటి గీతలుగా విడగొట్టాడు. ఒకే రంగులో నీడ రావాలంటే గీతల మధ్య ఖాళీయే ఆధారం కదా. పళ్ళు మాత్రం రెండుసార్లు చెరిపి గీశాడు.

భాయ్ పని చేస్తుంటే పక్కనే నిలబడి చూశాను. చెక్క ఫ్రేముకి బిగించిన సన్నటి జాలీ, దాని మీద రసాయనం పూత. చీకటి గదిలో ఆరబెట్టిన ఆ పూత మీద వాడు గీసిన కాగితం అంటించి ఎండలో పెట్టాడు. ఎండ తగిలిన చోట పూత గట్టిపడుతుంది. నల్ల గీతల కింద ఎండ తగలదు కాబట్టి నీళ్ళు కొడితే అక్కడ పూత కరిగిపోయింది. జాలీలో ఎడ్డీ మొహం మేర వెలుతురు కనపడింది. టీ షర్టుని చెక్క మీద ముడత లేకుండా పరిచి, ఫ్రేమ్ దించి, తెల్ల రంగు పోసి రబ్బరు పట్టీతో ఒక్క లాగు లాగాడు. తీసి చూస్తే తెలుపు రాలేదు, బూడిద రంగు. నా మొహం చూసి, "నల్ల బట్ట తాగుతది తమ్ముడూ, రెండో చెయ్యి పడాలె" అన్నాడు. ఫ్రేమ్ కదలనివ్వకుండా ఎడమ చేత్తో అదిమిపట్టి, అది కాస్త ఆరేదాకా ఆగి, మళ్ళీ లాగాడు. వెంట్రుకవాసి జరిగినా రెండు మొహాలు కనపడతాయి. జరగలేదు. ఫ్రేమ్ లేపేసరికి అయిదేళ్ళుగా భూతద్దంలో చూసిన మొహం, అరచెయ్యంత వెడల్పున, పాలలా తెల్లగా. ఇది ఎవరని భాయ్ అడిగాడు. మా బ్యాండ్ అన్నాను. "పెళ్ళి బ్యాండా?" అన్నాడు. కాదని చెప్పి, జేబులోంచి వాక్‌మన్ తీసి వినిపించాను. ఒక నిమిషం విని, తల ఊపి, "ఘోడా పరిగెత్తుతుంది" అన్నాడు. స్టీవ్ హారిస్ బేస్ గురించి ప్రపంచమంతా చెప్పే మాట అదే, గుర్రం దౌడు. ఏమీ తెలియకుండా ఒక్క నిమిషంలో పట్టేశాడు ఆయన.

కాగితంలో కుడి సగం గురించి చెప్పాలి. అది రాసేటప్పుడు మా మధ్య పోట్లాటలు జరిగాయి. బ్యాండ్ అప్పుడు ఎ మ్యాటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్ అనే కొత్త ఆల్బమ్ టూర్‌లో ఉంది. 2006 చివర్లో ఆ ఆల్బమ్‌ని మొదటి పాట నుంచి ఆఖరి పాట దాకా వరసగా స్టేజీ మీద వాయించారు. 70 నిమిషాలు దాటిన ఆల్బమ్ అది. ఇక్కడా అలాగే చేస్తే పాత పాటలకి చోటెక్కడిది? మాలో ఇద్దరికి అదే భయం. మిగతా ఇద్దరం, ముప్ఫై ఏళ్ళు దాటిన బ్యాండ్ కొత్త పాటల మీద అంత నమ్మకం పెట్టుకోవడమే గొప్ప అన్నాం. ఇప్పటికీ నాది అదే మాట. పాత పాటలు మాత్రమే వాయించుకుంటూ బతికేసే బ్యాండ్‌లు చాలా ఉన్నాయి.

మా పోట్లాటల మధ్య వాడు ఒక్కడే ప్రశాంతంగా పదిహేను పాటల పేర్లు రాసుకుంటూ పోయాడు. ఒక్కో పేరు పక్కన చిన్న గడి గీశాడు, వాయిస్తే టిక్కు పెట్టడానికి. ద ట్రూపర్, ఫియర్ ఆఫ్ ద డార్క్, హాలోడ్ బీ దై నేమ్, ఇవి ఎలాగూ ఉంటాయి. పదిహేనోది అలెగ్జాండర్ ద గ్రేట్. మేం నలుగురం ఒకేసారి అరిచాం, ఎప్పుడూ వాయించని పాట ఎలా వాయిస్తారని. వాడి వాదన ఇది. ఆ పాటలో అలెగ్జాండర్ సైన్యం ఆయన వెంట ఇండియాకి రానంటుంది. ఇన్నేళ్ళ తర్వాత బ్యాండ్ స్వయంగా ఇండియాకి వస్తోంది. "సైన్యం రానన్న చోటికి వీళ్ళొస్తున్నారు మామా. ఆ పాట ఇక్కడ వాయించకపోతే ఇంకెక్కడ వాయిస్తారు?" మా దగ్గర జవాబు లేదు. గడి ఉండనిచ్చాం.

ఎడమ సగంలో మిగతావి చకచకా రాసేశాడు. రెండు జతల సాక్సులు, ఒక జతలో డబ్బు. బూట్లకి రెండు ముళ్ళు. మధ్యాహ్నం కడుపు నిండా భోజనం, తర్వాత నీళ్ళు తప్ప ఏమీ వద్దు. జనంలో ఫోన్లు కలవవు కాబట్టి తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకున్నాం, సౌండ్ మిక్సర్ టెంట్‌కి కుడి వైపు. బహిరంగ మైదానంలో సౌండ్ బాగా వినపడేది అక్కడే, ఎందుకంటే సౌండ్ సరిచేసే మనిషి కూర్చుని వినేది అక్కడి నుంచే. ముందు కంచె దగ్గర నిలబడితే మనుషులు బాగా కనపడతారు, పాట సరిగ్గా వినపడదు. సగం సేపు ముందు, సగం సేపు మిక్సర్ దగ్గర అని ఒప్పందం కుదిరింది.

గురువారం సాయంత్రం వాళ్ళ నాన్నగారికి గుండె నొప్పి వచ్చింది. వాళ్ళ ఊరి నుంచి రాత్రికి రాత్రి హైదరాబాద్ తీసుకొచ్చి ఆస్పత్రిలో చేర్చారు. శుక్రవారం పొద్దున మేం నలుగురం వెళ్ళాం. ప్రాణానికి ప్రమాదం లేదన్నారు, కానీ రెండు మూడు రోజులు చూడాలన్నారు. మేం కూడా వెళ్ళం, టికెట్లు ఎవరికైనా ఇచ్చేద్దాం అన్నాను. వాడు నా చొక్కా పట్టుకుని వరండా చివరికి లాక్కెళ్ళి, "నువ్వు ఇక్కడ కూర్చుంటే మా నాన్నకేమైనా తగ్గుద్దా? పోయి అన్నీ చూసి, వచ్చి నాకు చెప్పు" అన్నాడు.

ఆ రాత్రి కాచిగూడ స్టేషన్‌కి వచ్చాడు. బండి కదలడానికి పది నిమిషాల ముందు, చేతిలో ఈ కాగితంతో. టికెట్ తెచ్చావా, బెంగళూరులో ఎవరికైనా అమ్ముదామని మాలో ఒకడు అడిగాడు. "టికెట్ నా దగ్గరే ఉండనీరా. ప్లాన్ మీ దగ్గర ఉంటే చాలు" అని కాగితం కిటికీలోంచి నా చేతిలో పెట్టి, చకచకా వెళ్ళిపోయాడు. వాడి బెర్తుని టీసీ వచ్చి కర్నూలు దాకా వెళ్ళే ఒక పెద్దాయనకి ఇచ్చాడు. ఆయన దుప్పటి కప్పుకుని వెంటనే నిద్రపోయాడు. మాకు మాత్రం తుంగభద్ర వంతెన దాటినా నిద్ర పట్టలేదు.

ప్యాలెస్ గ్రౌండ్స్ బయట క్యూ చూశాక, మేం నలుగురమే ఉన్నామనుకున్న లోకంలో ఇంతమంది ఉన్నారా అనిపించింది. గువాహటి నుంచి వచ్చినవాళ్ళు, కొచ్చి వాళ్ళు, చెన్నై వాళ్ళు, ఒకళ్ళ భాష ఒకళ్ళకి రాదు. ఐరన్ మెయిడెన్ అభిమానుల నినాదం, అప్ ద ఐరన్స్ అని ఒకడు అరిస్తే క్యూ చివరి దాకా అదే అరుపు పాకేది. మా టీ షర్టులు చూసి ఎక్కడ కొన్నారని పదిమంది అడిగారు. మా ఫ్రెండ్ గీశాడని ప్రతివాళ్ళకీ చెప్పాను. గేటు దగ్గర టికెట్లో ముక్క చించి మిగతాది చేతిలో పెట్టారు.

ముందు ఢిల్లీ బ్యాండ్ పరిక్రమ వాయించింది. మనవాళ్ళు అంత పెద్ద స్టేజీ మీద నిలబడి వాయిస్తుంటే గర్వంగా అనిపించింది. తర్వాత స్టీవ్ హారిస్ కూతురు లారెన్ హారిస్ పాడింది. అప్పటికి పొద్దుగూకింది.

తర్వాత జరిగిందంతా వరసగా చెప్పమంటే చెప్పలేను. ముక్కలుగా గుర్తుంది. 48 ఏళ్ళ గాయకుడు బ్రూస్ డికిన్సన్ స్పీకర్ల మీంచి దూకి పరిగెత్తడం. స్టీవ్ హారిస్ ఒక కాలు స్పీకర్ మీద పెట్టి, బేస్‌ని తుపాకీలా జనం మీదికి గురిపెట్టి, ప్రతి మాటా తనూ పాడటం. గిటారిస్టు డేవ్ మర్రే మొహం మీద చిరునవ్వు. నీకో మెక్‌బ్రెయిన్ డ్రమ్ముల వెనక కనపడనే కనపడలేదు, చప్పుడు మాత్రం నా ఛాతీ ఎముకల్లో వినపడింది. గాలి వాటం మారినప్పుడల్లా గొంతు దగ్గరికొచ్చేది, మళ్ళీ దూరం జరిగేది. ఫియర్ ఆఫ్ ద డార్క్ మొదట్లో మాటలుండవు, గిటార్ రాగం ఒక్కటే. ఆ రాగాన్ని మైదానం మొత్తం ఓ ఓ అంటూ పాడింది. ఆ క్యాసెట్లు, ఆ ఎంపీ3లు ఎవరి గదిలో వాళ్ళం విన్నవే కదా, అందరికీ ఒకే శ్రుతిలో ఎలా వచ్చిందో! ముందు వరస వదిలి మిక్సర్ దగ్గరికి రావాలన్న ఒప్పందం మాలో ఎవరికీ గుర్తు రాలేదు. వాడుంటే చెయ్యి పట్టి లాక్కొచ్చేవాడు.

హాలోడ్ బీ దై నేమ్ అయిపోయి స్టేజీ దీపాలు ఆరాక, నా వెనక ఎవరో "వన్స్ మోర్" అని అరిచారు. దాన్ని ఇంకో పదిమంది అందుకున్నారు. నేనూ అరిచాను, గొంతు రాలేదు.

రాత్రి బస్సులో, డ్రైవర్ వెనక సన్నటి దీపం వెలుతుర్లో ఆ కాగితం తీసి టిక్కులు పెట్టాను. కుదుపులకి గీతలు గడులు దాటిపోయాయి, ఇప్పుడు చూసినా తెలుస్తుంది. కొన్ని పాటలు వాయించారు, కొన్ని వాయించలేదు. పదిహేనో గడి ఖాళీ.

తెల్లవారుజామున కర్నూలు దాటే ముందు బస్సు టీ కోసం ఆగింది. హోటల్లో చిన్న టీవీ ముందు పదిమంది శవం ముందు కూర్చున్నట్టు కూర్చున్నారు. వరల్డ్ కప్‌లో ఇండియా 191కి ఆలౌట్ అయి బంగ్లాదేశ్ చేతిలో ఓడిపోయింది. మేం స్టేజీ ముందున్న వేళకే ఆ మ్యాచ్ మొదలైంది, మాకు మ్యాచ్ ఉన్న సంగతే గుర్తు లేదు. నల్ల టీ షర్టులు, ఎర్రబడ్డ కళ్ళు, నలుగురికీ గొంతు పోయింది, టీ కూడా వేళ్ళు చూపించి అడిగాం. హోటలాయన మావంక జాలిగా చూసి, "రాత్రంతా అరిచినట్టుండారు. పోనీ నాయనా, ఆటన్నాక ఓడిపోరా" అని గ్లాసుల్లో ఇంకాస్త టీ పోశాడు. అసలు సంగతి చెబుదామన్నా మా దగ్గర గొంతు లేదు. దండం పెట్టి తాగాం.

హైదరాబాద్‌లో బస్సు దిగి తిన్నగా ఆస్పత్రికి వెళ్ళాం. వాళ్ళ నాన్నగారు లేచి కూర్చుని ఇడ్లీ తింటున్నారు. వాడు వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు, ఒంటి మీద ఎడ్డీ టీ షర్టు. శనివారం సాయంత్రం నుంచి అదే వేసుకుని ఉన్నాడట. ఒక నర్సమ్మ చూసి, పేషెంట్లు భయపడతారు బాబూ అంటే, పైన తువ్వాలు కప్పుకున్నాడట. మమ్మల్ని చూడగానే మొదట అడిగిన మాట:

"అలెగ్జాండర్?"

లేదన్నట్టు తలూపాను. బల్లకి ఆనుకుని, గట్టిగా ఊపిరి వదిలి, "అయితే సరే" అన్నాడు. ఆ తర్వాత మిగతా పాటలన్నీ ఒక్కొక్కటీ అడిగి, పోయిన గొంతులతో మా నలుగురి చేతా చెప్పించుకున్నాడు. ఫియర్ ఆఫ్ ద డార్క్ దగ్గరికొచ్చేసరికి కిటికీ వైపు తిరిగాడు. మేం ఆగాం. "చెప్పండిరా" అన్నాడు, ఇటు తిరక్కుండానే.

ఆ తర్వాత బ్యాండ్ 2008 ఫిబ్రవరిలో ముంబయి వచ్చింది, 2009లో మళ్ళీ బెంగళూరు వచ్చింది. రెండుసార్లూ మాకు కుదరలేదు. ఉద్యోగాలు, ఊళ్ళు, పెళ్ళిళ్ళు. టీ షర్టులు ఒకటొకటే చిరిగిపోయాయి. ఛత్తా బజార్ భాయ్ వేసిన రంగు మాత్రం ఆఖరి దాకా ఊడలేదు.

2023 మే నెలాఖరు, సోమవారం పొద్దున. నేను ఆఫీసుకి బయలుదేరుతుంటే వాడి ఫోన్. వాడిప్పుడు పుణెలో ఉంటాడు, పండక్కో పబ్బానికో తప్ప పొద్దున పూట ఫోన్ చెయ్యడు. ఏమైందోనని గుండె గుభేలుమంది, వాళ్ళ నాన్నగారి వయసు గుర్తొచ్చింది. ఎత్తగానే, హలో లేదు, ఏం లేదు.

"వాయించారు మామా."

స్లొవేనియాలో, లుబ్లియానా అనే ఊళ్ళో, ముందు రోజు రాత్రి. కొత్త టూర్ మొదటి షో. ఆల్బమ్ వచ్చిన 36 ఏళ్ళ తర్వాత మొదటిసారి అలెగ్జాండర్ ద గ్రేట్ స్టేజీ మీద వాయించారు. ఎవరో ఫోన్లో తీసిన వీడియో రాత్రంతా చూశాడట. చెబుతూ చెబుతూ గొంతు పూడుకుపోయి ఆగాడు. నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. కాసేపటికి, "ఆ గడి ఇంకా ఖాళీగానే ఉందా?" అన్నాడు. ఉందన్నాను. "నువ్వు పెట్టకు. నేనొస్తా" అన్నాడు.

దసరాకి వచ్చాడు, పర్సులో టికెట్ పెట్టుకుని. మా నలుగురి టికెట్లూ గేటు దగ్గర చిరిగినవే, వాటిలో రెండు ఎక్కడ పోయాయో కూడా తెలియదు. వాడిది మొత్తంగా ఉంది, మడత కూడా లేదు. నేను కాగితం తీసి టేబుల్ మీద పరిచాను. మా అబ్బాయి స్కూల్ బ్యాగులోంచి నీలం రంగు పెన్ను తీసుకుని, పక్క కాగితం మీద ఒకసారి గీసి చూసుకుని, పదిహేనో గడిలో టిక్కు పెట్టాడు. గడి దాటలేదు. పక్కన 28-5-2023, లుబ్లియానా అని రాశాడు. పైనున్న తేదీనీ దీన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. అదే దస్తూరీ.